నాలుగు రోజులు నానిన రాయి

"కొంచెమైనా కరిగిందా తల్లీ?" మంచం మీద నుంచే దగ్గుతూ అడిగాడు తండ్రి.

కూతురు వెనిగర్ గిన్నెలోంచి స్ఫటికాన్ని తీసి తుడిచింది. నాలుగు రోజులు నానినా అంచు మొద్దుబారలేదు. చాకుతో గీస్తే చాకు మొనే అరిగింది.

"ఇది ఒట్టి పలుగురాయి నాన్నా. వజ్రమని ఆశపడకు."

"నాకే చెబుతున్నావా? ముప్పై ఏళ్లు క్వారీలో డ్రిల్లు పట్టినవాణ్ణి. డిగ్రీ చదివావుగా, కరిగే మార్గం చెప్పు."

"కరిగించి ఏం చేసుకుంటావు?"

అతను ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు చెప్పిన పొడి ఈ రాయిదేనే."

కూతురికి అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"దీన్ని కరిగించే యాసిడ్ ఉంది నాన్నా. అది ముందు మనిషినే తినేస్తుంది."

అతను గిన్నెకేసి చూశాడు.

"మీ అమ్మ అడిగితే మాత్రం, కాస్త కరిగిందని చెప్పు."