లోర్నా కాలు

బ్రోకెన్ హిల్ గనుల్లో నీళ్లు తోడే పంపులు బాగుచేసి రిటైరైన మెర్విన్, జబ్బుతో మంచాన పడ్డ భార్య లోర్నా కాళ్లు బిగుసుకుపోకుండా ఒక యంత్రం తయారుచేశాడు. మోటారు క్రాంకును తిప్పితే, క్రాంకు ఆమె కాలిని ముడిచి చాపుతుంది.

క్రిస్మస్‌కి ముందే చేపలు తూచే త్రాసుతో ఆమె కాలిని తూచి, మోటారుకెంత టార్క్, అంటే తిప్పే బలం, కావాలో లెక్కగట్టాడు. మోటారు నాలుగు నెలలకి, ఈస్టర్‌కి వచ్చింది.

బిగించి స్విచ్ వేస్తే కాలు ఎగిరెగిరి పడింది. గబుక్కున ఆపేశాడు.

"లెక్క ఎక్కడో తప్పాను లోర్నా."

"నువ్వు లెక్క తప్పేవాడివైతే ఆ గనులెప్పుడో మునిగిపోయేవి. కాలే మళ్లీ తూచు."

తూచాడు. ముల్లు అప్పటి బరువులో సగం దగ్గరే ఆగింది. త్రాసును తట్టి మళ్లీ తూచాడు. అంతే చూపించింది.

"ఇంకా చిన్న మోటారు తెప్పిస్తాను," అన్నాడు చివరికి.

"వద్దులే మెర్వ్. అదొచ్చేసరికి అదీ పెద్దదైపోతుంది."