వణకని గీత

"లెక్క తప్పమ్మా. తప్పని ఒప్పుకుంటే ఇక్కడ నిన్నెవరూ కొరుక్కు తినరు," అన్నాడు మేనేజరు, సంతకం పెట్టాల్సిన కాగితాన్ని ముందుకు లాక్కుంటూ.

"పదకొండుంబావు దాకా ఆగండి సార్. ఎంతోసేపు లేదు," అంది టవరు పనితీరుని కంప్యూటర్లో మోడల్ కట్టి నడిపి చూసే సిమ్యులేషన్ అమ్మాయి.

ఫ్యాక్టరీ కూలింగ్ టవరు మీద పెద్ద ఫ్యానుకి మోటారు పీకేసి టర్బైన్ పెట్టి ఏడు నెలలైంది. యంత్రాల్ని చల్లబరిచి వేడెక్కి వచ్చే నీటి ఒత్తిడే టర్బైన్‌ని తిప్పుతుంది, టర్బైన్ ఫ్యాన్‌ని తిప్పుతుంది. కరెంటు అక్కర్లేదు. ఇప్పుడు మిగతా మూడు టవర్లకీ అవే తెప్పిస్తున్నారు. వాటితోపాటు ఒత్తిడిని తనంతట తానే సర్దుకునే వాల్వు కూడా ఉండాలని అమ్మాయి పట్టు. దండగని మేనేజరు. వాల్వు లేకుండా ఆర్డరిచ్చే ఆ కాగితం మీద సంతకం పడితే ఆమె మూడు నెలల పని చెత్తబుట్టలోకి, ఆమె మళ్ళీ రికార్డు రూములోకి.

"రోజూ పదకొండుంబావుకి ఒక యూనిట్ కడగడానికి నీళ్ళు కట్టేస్తారు సార్. ఆ దెబ్బకి ఈ ఫ్యాను వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగిపోవాలి. నీళ్ళు టవరు బయటికి చిమ్మాలి. నీళ్ళని పక్కదారి పట్టించే బైపాస్ వాల్వు పావు చుట్టు విప్పితేనే అది ఆగుతుంది. ఎన్నిసార్లు నడిపినా మోడల్ ఇదే చెబుతోంది."

"మీటరు మాత్రం చెప్పట్లేదే!" మేనేజరు ఏడు నెలల ఫ్యాను వేగం చార్టులు బల్ల మీద పరిచాడు. స్కేలు పెట్టి గీసినట్టున్నాయి గీతలు. "ఎక్కడన్నా వణికిందేమో చూపించు. పోనీ, కిటికీలోంచి చూడు. టవరు మొదట్లో మన తోటపని అక్క వేసిన బంతి మొక్కలు. మందు కలిపిన నీళ్ళు చిమ్మితే వారానికే మాడి మసైపోవూ? విరగబూశాయి!"

అమ్మాయి చూసింది. నిజంగానే విరగబూశాయి.

మేనేజరు టవరు ఆపరేటరుని కూడా సాక్ష్యానికి పిలిపించాడు. ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఫ్యాను ఎప్పుడన్నా ఊగిందా?"

"లేదండి. నేనుండగా ఎప్పుడూ ఊగలేదండి."

'నేనుండగా' అన్న మాట దగ్గర అమ్మాయి తలెత్తింది. ఆయన కుడి అరచేతికి ఎర్ర రంగు పెచ్చులు అంటుకుని ఉన్నాయి. బైపాస్ వాల్వు చక్రానిది అదే రంగు.

"బాబాయ్, వచ్చి కూర్చోండి. పదకొండున్నరకి వెళ్దురుగాని."

"అమ్మో! అక్కడ పనుందమ్మా."

"ఏం పని?"

ఆయన నీళ్ళు నమిలాడు. "అదే... చూసే పని."

మేనేజరు పకపకా నవ్వాడు. "నీ అనుమానం నాకర్థమైందిలే. ఈయన చేత్తో సర్దుతున్నాడనేగా? చార్టుల్లో ఆదివారాలు కూడా ఉన్నాయి. ఆదివారం ఈయనకి సెలవు, బదులు మనిషి లేడు. అయినా గీత అలాగే ఉంది. దానికేమంటావ్?"

అమ్మాయి ఆదివారాల చార్టులు ఏరి చూసింది. అవీ తిన్నగానే ఉన్నాయి.

ఆపరేటరు కుర్చీ అంచున కూర్చున్నాడు. గోడ గడియారం చూశాడు, చెప్పుల వంక చూసుకున్నాడు, మళ్ళీ గడియారం చూశాడు. ముగ్గురి ముందూ కంప్యూటరు తెర మీద ఫ్యాను వేగం పచ్చ గీతగా నడుస్తోంది.

పదకొండుంబావు అయింది. గీత వెంట్రుకవాసి లేచి, తిరిగి సర్దుకుని తిన్నగా సాగింది. పదకొండూ పదహారు. పదిహేడు. వణుకు లేదు.

అమ్మాయి కళ్ళు దించుకుంది. మేనేజరు పెన్ను మూత తీశాడు.

"అదెలా కుదురుతుందండీ!" ఆపరేటరు దిగ్గున లేచాడు. "నేనిక్కడున్నాను కదా!"

ఆయన నాలుక కరుచుకున్నాడు.

"నువ్విక్కడుంటే?" అన్నాడు మేనేజరు మెల్లగా.

"పావు చుట్టే కదండీ... రోజూ ఆ వేళకి అలా తిప్పి, కాసేపాగి ఇలా తిప్పేస్తాను. కొత్తలో రెండుసార్లు ఊగబోయింది. చెప్తే టర్బైన్ పీకేసి మళ్ళీ ఆ మోటారు పెడతారని భయం. దాని రొదకి పదేళ్ళు చెవులు హోరెత్తిపోయాయండీ. ఇప్పుడిప్పుడే మా ఆవిడ తిట్లు మళ్ళీ వినపడుతున్నాయి."

అమ్మాయికి నవ్వాగలేదు. "మరి ఆదివారాలో బాబాయ్?"

"ఆదివారం దానికీ సెలవేమో అనుకున్నానమ్మా."

ముగ్గురూ గబగబా మెట్లు దిగారు. మేనేజరు చేతిలో పెన్ను మూత లేకుండా అలాగే ఉంది. బంతి మొక్కలు దాటి టవరు వెనక్కి తిరిగారు.

తోటపని చేసే ఆవిడ నీళ్ళ డబ్బా కింద పెట్టి, రెండు చేతులతో ఎర్ర చక్రాన్ని వెనక్కి తిప్పుతోంది. మేనేజరునీ అమ్మాయినీ ఆమె పట్టించుకోలేదు. ఆపరేటరుని చూసి మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఇవాళ ఆదివారం కాదు కదా తమ్ముడూ! చెప్పా పెట్టకుండా నువ్వెటో పోతే ఎలా? వేళకి నేను చూసుకోబట్టి గానీ, నా మొక్కలేమైపోయేవి?"