ఆటలో అరటిపండు

కాలనీలో ఏ వీధికి ముందు నీళ్లు వదలాలో ఇప్పుడు ఓ కంప్యూటర్ ఆటే తేలుస్తోంది. ఇంటికొకరు ఆట కనిపించే కళ్లజోడు పెట్టుకుని వీధి జట్టులో ఆడాలి. ఏడో తరగతితో బడి మానేసిన పైడితల్లి, జ్వరంతో ఉన్న పిల్లను చంకనేసుకుని తొలిసారి వచ్చింది.

"కొత్తదానివి, నువ్వు అరటిపండువి. ఔటయినా లెక్కలేదు, బెంగెట్టుకోకు," అన్నాడు జట్టు పెద్ద అప్పలస్వామి.

"గెలిస్తేనో, మావా?"

"అదీ లెక్కలేదు."

అందరూ నవ్వారు. పైడితల్లి కళ్లజోడులో మెరుస్తున్న అరటిపండు గుర్తును చెరిపేసింది.

"నా బిందె లెక్కలో ఉన్నప్పుడు నా ఔటూ లెక్కెట్టండి."

అందరికంటే ముందు ఆమే ఔటయింది. నీళ్ల వరసలో వీధి వెనక్కి జారింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. పైడితల్లి కళ్లజోడు తీయలేదు.

"ఎక్కడ తప్పానో సెప్పు మావా. రేపూ నానే వత్తాను."

అప్పలస్వామి తల పట్టుకున్నాడు. రేపటి నీళ్లు గుర్తొచ్చి, పక్కన కూర్చుని నేర్పడం మొదలెట్టాడు.