గాజు బుడ్డి పంపు

“ఇంకొంచెం తొయ్యి బొజ్జయ్యా, కొట్టు ముందుకే వచ్చేశాం,” అన్నాడు వెంకటనారాయణ స్టీరింగు వదలకుండా.

బొజ్జయ్య భుజం ఆనించి తోశాడు. పాల్వంచలో పగిడయ్య మోటారు సామాన్ల కొట్టు ముందు పాత ఫియట్ కారు ఆగింది. మణుగూరు దారిలో అడవి మధ్య మొరాయిస్తే ఒక లారీ వెనక కట్టి లాక్కొచ్చారు. లారీవాడు బజారు మలుపులో తాడు విప్పి తన దారిన పోయాడు. మిగతాది బొజ్జయ్య కండబలమే.

వెంకటనారాయణ దిగి తెల్లచొక్కా సర్దుకున్నాడు. అరవై దాటిన రైతు. వలస వచ్చి ఎన్నేళ్ళయినా మాటలో కోస్తా యాస పోలేదు. ఆ చొక్కా, ఆ నిలబడ్డ తీరూ చూసి పగిడయ్య గబగబా కుర్చీ వేశాడు. ఉన్నది ఒకటే కుర్చీ. బొజ్జయ్య గడప మీద కూర్చుని తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు.

“ఇంజనుకి పెట్రోలు తోడే పంపు పోయిందయ్యా. లోపలి రబ్బరు పొర చిరిగింది. ట్యాంకు నిండా ఉంది, కార్బురేటర్‌కి చుక్క అందదు.”

“ఏ మాడల్ సార్?”

“యాభై ఎనిమిది. షోరూం నుంచి నేనే నడుపుకొచ్చా.”

“ఇప్పటికీ కొత్త పెండ్లికొడుకు లెక్క పెట్టిండ్రు! మరి ఈయనెవరు, డ్రైవరా?”

“కాదు, కాదు. మా పక్క గూడెం బొజ్జయ్య. మణుగూరు బొగ్గు గనిలో పని. కారు కోసం సెలవు పెట్టి వచ్చాడు.”

“మీ కోసం సెలవు పెట్టుకున్నడా! గిసుంటోళ్లు ఇప్పుడు దొరకరు సార్.”

బొజ్జయ్య నవ్వాడు.

పగిడయ్య ఒక కొత్త పంపు తీసి ఇచ్చాడు. వెంకటనారాయణ దాని లివరు మీద వేలు పెట్టి నొక్కి చూశాడు.

“దీని చెయ్యి పొట్టి. ఇంజనులో దీన్ని ఆడించే కామ్‌కి అందీ అందక కొట్టుకుంటుంది. ఇంకోటి చూపించు.”

ఇంకోటి వచ్చింది.

“స్ప్రింగు మరీ గట్టిగా ఉంది. పెట్రోలు ఎక్కువ తోసి పొంగిస్తుంది. వేడి ఇంజను మీద పెట్రోలు పొంగితే ఇంకేమన్నా ఉందా?”

పగిడయ్య తన కూతురికి సంబంధాలు చూసినప్పుడు కూడా ఇన్ని వంకలు వినలేదు. విసుగు దాచుకుని మూడో డబ్బా విప్పాడు.

“ఇది కరెంటుది సార్. బ్యాటరీకి వైరు కలుపుడే. ఏ బండికైనా పడ్తది.”

“గదే పెట్టుండ్రి బాబూ, జల్దీ అయితది,” అన్నాడు బొజ్జయ్య గడప మీది నుంచి.

వెంకటనారాయణ మొహం వాడిపోయింది.

“అది కాదు బొజ్జయ్యా. ఈ ఇంజను తన పంపుని తానే ఆడించుకుంటుంది. కరెంటుది పెడితే, బ్యాటరీ దిగిన రోజున అడవిలో కూర్చోవాలి. కాస్త ఓపిక పట్టు, నా మాట విను.”

“నువ్వు ఊకో బొజ్జయ్యా,” అని పగిడయ్య కసిరాడు. “సార్ చూసుకుంటుండు గద. నడుమ నీకేంది?”

“అవ్, నాకేం ఎరుక,” అన్నాడు బొజ్జయ్య. అతనికి కోపం రాలేదు సరికదా, ముచ్చటగా చూస్తున్నాడు.

“ఏదో ఒకటి చూడవయ్యా,” వెంకటనారాయణ గొంతు తగ్గించాడు. “ఇవాళ పంపు దొరక్కపోతే కారు పాత ఇనుపకొట్టుకే. జీపు కొందామని ఆదెమ్మ పొద్దున్నే తేల్చి చెప్పేసింది.”

“ఇంట్ల ఆడోళ్ల మాట దాటుతమా సార్!”

“ఎలా దాటతాం,” అని నవ్వాడు కానీ లోపల దిగులేసింది. కొత్త పెళ్ళాన్ని కాపురానికి తెచ్చుకున్నది ఆ కారులోనే. చుట్టుపక్కల గూడేల్లో ఎవరికి నొప్పులొచ్చినా ఇప్పటికీ భద్రాచలం ఆసుపత్రికి ఆ కారే కదలాలి, స్టీరింగు దగ్గర తనే ఉండాలి. అది లేకపోతే పొద్దెలా గడుస్తుందో ఆయనకు నిజంగానే తెలియదు.

పగిడయ్యకు జాలేసింది. నిచ్చెన వేసి అటక ఎక్కాడు. దుమ్ము కొట్టుకున్న పంపు ఒకటి పట్టుకుని దిగాడు. పైన గాజు బుడ్డి ఉంది. ఎప్పుడో తుక్కుకు పోయిన ఇలాంటి కారు నుంచే విప్పి, కొత్త పొర వేసి పెట్టింది.

వెంకటనారాయణ పెట్రోలు లోపలికి పోయే రంధ్రాన్ని బొటనవేలితో మూసి లివరు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

“వేలిని పీల్చి పట్టుకుంది, వదలడం లేదు!” అని అరిచాడు. “ఇదేనయ్యా, ఇదే! ఏమంటావు బొజ్జయ్యా?”

బొజ్జయ్య లేచి వచ్చి పంపుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంతసేపూ వెంకటనారాయణ ఊపిరి బిగబట్టాడు. గడప మీద కూర్చునేవాణ్ణి అడిగేదేమిటో పగిడయ్యకు అర్థం కాలేదు.

“మీకు మనసుకొచ్చింది గద బాబూ. పెట్టుండ్రి.”

“అయితే ఆయనకి డబ్బిచ్చెయ్యి.”

బొజ్జయ్య బొడ్లో సంచి తీసి ఇచ్చాడు. పెద్దమనుషులు డబ్బు చేత్తో ముట్టరు కాబోలని పగిడయ్య సరిపెట్టుకున్నాడు.

మెకానిక్‌ని పిలుస్తానంటే వెంకటనారాయణ ఒప్పుకోలేదు. చొక్కా చేతులు మడిచి తానే బిగించాడు. లివరు ఆడిస్తుంటే గాజు బుడ్డిలోకి పెట్రోలు ఎక్కింది. సెల్ఫు కొట్టగానే ఇంజను అందుకుంది, ఏ దగ్గూ లేకుండా నిలకడగా తిరిగింది. ఆయన కళ్ళు చెమర్చాయి. సంతోషం పట్టలేక హారను కూడా రెండుసార్లు కొట్టాడు.

బొజ్జయ్య ఎక్కి తలుపు వేసుకున్నాడు. పగిడయ్య కిటికీ దగ్గరికి వంగాడు.

“బండిని గిట్ల పానం లెక్క చూసుకునేటోళ్లను నేను చూడలే సార్. ఎవరెంత ఆశ పెట్టినా దీన్ని అమ్మకుండ్రి.”

వెంకటనారాయణ గేరు వేస్తూ హాయిగా నవ్వాడు.

“పోయిన దసరాకే బొజ్జయ్యకీ ఆదెమ్మకీ అమ్మేశానయ్యా, నేనిప్పుడు దీని డ్రైవర్ని.”