ఊడిన గుండీ

మార్చి పదకొండు, మంగళవారం, ఉదయం పదిన్నర. పాటల కంపెనీ రెండో అంతస్తులోని సమావేశపు గదిలో నలుగురు హాజరయ్యారు: కంపెనీ యజమాని, ఆయన వకీలు, ఈమధ్యే విడుదలైన ఒక పాట రాసిన కవి, దానికి బాణీ కట్టిన సంగీత దర్శకుడు. యజమాని ఎప్పటిలాగే రాగి గుండీల తెల్లచొక్కా తొడుక్కున్నాడు. బల్లమీద టైపు చేసిన కాగితం, మూత తీసిన కలం సిద్ధంగా ఉన్నాయి.

“సంతకం పెట్టండి కవిగారూ,” అన్నాడు యజమాని. “పేపర్లో రాసింది చూశారుగా. మగవాడు మగవాడి కోసం పాడే పాట ఇంత బాగా రాశాడంటే, ఆ కవీ అలాంటివాడే అయ్యుంటాడట.”

కవి కాగితం అందుకుని ఆసాంతం చదివాడు. ‘ఈ పాట కేవలం కల్పన. నాకు పురుషుల పట్ల అటువంటి ఆకర్షణ లేదు.’

“పెట్టను.”

“ఎందుకండీ ఈ మొండితనం? ఉన్నమాటేగా?”

“ఉన్నమాటో లేనిమాటో మీకెందుకు? ముప్పై ఏళ్లుగా హీరోయిన్ల గొంతుతో మగాళ్లని రారమ్మని పిలుస్తున్నాను. అప్పుడు ఒక్కరికీ అనుమానం రాలేదే! జోలపాటలు నలభై రాశాను. నాకు ఎన్ని కాన్పులయ్యాయని అడిగారా?”

వకీలుకు నవ్వొచ్చింది. యజమాని చూపు తన మీద పడగానే దాన్ని దగ్గు కింద మార్చేశాడు.

“అవి వేరు, ఇది వేరు. ఈ పల్లవి చూడండి. ‘ఊడిన నీ చొక్కా గుండీ నా జేబులోనే ఉంది, ఊరడిగితే ఏమని చెప్పను?’ ఇది కూర్చుని ఊహించింది కాదంటున్నారు జనం. వకీలుగారూ, ఆ గుండీ కూడా కల్పనేనని విడిగా ఒక వాక్యం చేర్చండి.”

“గుండీకి కూడానా సార్?”

“చేర్చమన్నానా!”

సంగీత దర్శకుడు తల వంచుకుని బల్ల అంచును గోటితో గీకుతున్నాడు.

వకీలు గొంతు తగ్గించాడు. “ఇంట్లో ఆవిడ గురించైనా ఆలోచించండి కవిగారూ.”

“మా ఆవిడకి ఆ పాటా తెలుసు, నేనూ తెలుసు. ఆవిడ జోలికి పోకండి.”

“అయితే వినండి,” అన్నాడు యజమాని. “సంతకం లేకపోతే పాట తీసేస్తాను. ఇకమీదట ఈ కంపెనీలో మీకు ఒక్క పాట ఉండదు.”

“తీసేయండి. ఇవాళ నేను కాదని రాసిస్తే, రేపు అవునన్నవాడు తప్పు చేసినవాడవుతాడు. ఆ పని నా కలం చెయ్యదు.” కవి కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

“కూర్చోండి గురువుగారూ.”

ఆ మాట అన్నది సంగీత దర్శకుడు. అతడు కాగితాన్ని తన వైపు లాక్కుని, వెనక్కి తిప్పి, గబగబా రాయసాగాడు. కవి అతడి మణికట్టు పట్టుకున్నాడు.

“వద్దురా. నేను చూసుకుంటాగా.”

“ఎన్నాళ్లని చూసుకుంటారు?” అంటూ చేయి విడిపించుకుని, రాసింది పైకి చదివాడు. “‘బాణీ వినిపించేటప్పుడు నోటికొచ్చిన డమ్మీ మాటలతో పాడటం మా అలవాటు. కవి వాటిని తీసేసి సొంత మాటలు పెడతాడు. ఈ పల్లవి నేను పాడిన డమ్మీ. కవిగారు ఒక్క మాటా మార్చలేదు. ఇందులో కల్పన లేదు. గుండీతో సహా.’”

యజమాని ముఖంలో నెత్తురు చుక్క లేదు. “నీకేమైనా మతిపోయిందా? ఇవ్వు ఆ కాగితం!”

“ఇస్తున్నానండీ.”

సంగీత దర్శకుడు సంతకం చేశాడు. తన జేబులోంచి ఒక రాగి గుండీ తీసి కాగితం నడుమ ఉంచాడు. నాలుగు మడతలు వేసి, యజమాని చొక్కా జేబులో జాగ్రత్తగా పెట్టాడు.