చూపుడు వేలు

"వద్దు!" అంటూ అకానె ఆయన మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. కుజుమి వేలు కంప్యూటర్ తెరకి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది.

"ఏమైందమ్మాయ్? నేనేం నొక్కట్లేదు. మూడో తొట్టిలో కలిపే రెక్కలు ఆగి ఉన్నాయని వేలు పెట్టి పైకి చెబుతున్నానంతే. ఈ సోయా సాస్ ఫ్యాక్టరీలో చేరిన రోజు నుంచీ అదే అలవాటు. వేలు పెట్టి చెబితే పొరపాటు జరగదు."

"అప్పుడు మౌస్ ఉండేదండీ. తెరని ఎంత పొడిచినా పట్టించుకునేది కాదు. పొద్దున నేను బిగించింది టచ్ స్క్రీన్. ఆ తొట్టి బొమ్మని ముట్టుకుంటే చాలు, లోపల రెక్కలు తిరుగుతాయి."

కుజుమి చప్పున వేలు ముడిచాడు. మూడో తొట్టి అడుగున తోటి పనివాడు ఒరిహర రెక్కల మధ్య దూరి కడుగుతున్నాడు. స్పీకర్లో అతని కూనిరాగం వినబడుతూనే ఉంది.

"తిప్పమంటారా అని కంప్యూటర్ ముందు అడిగేది కదా?"

"మౌస్ ఉన్నప్పుడు అడిగేది. వేలితో ముట్టుకున్నారంటే కావాలనే ముట్టుకున్నట్టు కదా అని..." అకానె ఆయన మణికట్టు వదిలేసింది. "ఆ ప్రశ్నని నేనే తీసేశాను."

కూనిరాగం ఆగింది.

"కుజుమి అన్నా! ఇప్పుడు పెద్ద రెక్క కింద పడుకోవాలి. ఆగి ఉందని ఒక్కసారి వేలు పెట్టి చెప్పన్నా, నాకు ధైర్యంగా ఉంటుంది."

కుజుమి చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. అయినా చూపుడు వేలు దానంతటదే లేవబోయింది. దాన్ని రెండో చేత్తో గట్టిగా బిగించి పట్టుకుని అరిచాడు.

"బయటికి రారా! ముందు బయటికి రా!"