కంబళి కింద వెలుగు

రామాంజినప్ప గొంతులోని క్యాన్సర్ గడ్డకు ఇంజెక్షన్ ఇచ్చారు. వెలుగు తగిలితేనే ఆ మందు మేలుకుంటుంది. డాక్టరు లైటు పెట్టేదాకా వేరే వెలుగు సోకకూడదు. అందుకే పగలంతా తలుపు వేసుకుని పడుకుని, సోలార్ పార్కులో రాత్రి కాపలాకు వస్తున్నాడు.

దూరంగా ప్యానెళ్ల మధ్య టార్చి రెండుసార్లు వెలిగింది. కాపలావాళ్ల పలకరింపు అది. బదులుగా టార్చి వేయకపోతే వెతుక్కుంటూ వస్తారు. రామాంజినప్ప వేయలేదు. ఆ వెలుగు నేరుగా అతని మీదికే వచ్చింది. తలమీదుగా కంబళి లాక్కున్నాడు. గొంతు భగ్గున మండింది.

"మధూ, నేనేప్పా! ఆర్పు!"

"ఆర్పి శానాసేపాయ. ఏంది మామా నీ గోల?" కసిరాడు మధుకుమార్.

కంబళి కింద చీకట్లో, గొంతు మీద పెట్టుకున్న వేళ్లు లోపల్నుంచి టార్చి వేసినట్టు ఎర్రగా వెలుగుతూ కనిపిస్తున్నాయి.